కాగితం అడిగితే నొచ్చుకోని మేస్త్రీ

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. రెండూ కష్టమైన పనులేనని వారి భావం. కాని ఈ రెండింటికీ మనం బయలుదేరే తీరులో ఎంత తేడా ఉందో గమనించారా? అమ్మాయికి సంబంధం వచ్చిందంటే నాలుగిళ్లలో విచారిస్తాం. అబ్బాయి ఏం పని చేస్తాడు, నమాజు చదువుతాడా, ఇంట్లో ఆడవాళ్లతో ఎలా మాట్లాడతాడు, అప్పులేమైనా ఉన్నాయా అని బంధువులను, ఇరుగుపొరుగును అడుగుతాం. ఇస్తిఖారా చేస్తాం. ఇందుకు నెలలు పడుతుంది. అదే ఇల్లు కట్టే మేస్త్రీని చూసుకోవలసి వస్తే మాత్రం, టీ హోటలు దగ్గర ఎవరో ఒక పేరు చెబితే చాలు, మరునాడే బయానా చేతిలో పెట్టేస్తాం.

మా చివ్వెంల పరిసరాల్లో ఇళ్ల పని ఈ మధ్య బాగా పెరిగింది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా కేంద్రమైన తర్వాత పట్టణం చుట్టూ ప్లాట్లు పడ్డాయి. దురాజ్‌పల్లి వైపు జాతీయ రహదారి పొడవునా కొత్త పిల్లర్లు లేస్తున్నాయి. పెంకుటిళ్లు తీసేసి స్లాబు ఇళ్లు వేసుకుంటున్న కుటుంబాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. సంతోషమే. కాని ఆ ఇళ్లలో పెట్టే డబ్బు ఎక్కడిదో ఒకసారి ఆలోచించండి. జెద్దాలోనో, రియాద్‌లోనో పదేళ్లు ఎండలో పనిచేసిన కష్టం అది. ఆటో నడిపి, కుట్టుమిషను తొక్కి కూడబెట్టిన చిట్టీ డబ్బు అది. ఇల్లాలు తన మెహ్ర్ బంగారం అమ్మి ఇచ్చిన సొమ్ము అది. ఒక కుటుంబం జన్మలో ఒక్కసారే కట్టే ఇల్లు చెడిపోతే మళ్లీ కట్టుకునే శక్తి ఎంతమందికి ఉంటుంది?

అందుకే మేస్త్రీని ఎంచుకోవడం గురించి ఈ వారం నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం. మేము ఇంజనీర్లం కాము, బడిలో పాఠాలు చెప్పుకునే వాళ్లం. అయితే తగవులు వచ్చినప్పుడు పెద్దమనుషులుగా కూర్చోమని పిలిస్తే వెళ్తుంటాం. అక్కడ విన్నదీ, కితాబుల్లో చదివిందీ కలిపి చెబుతున్నాం.

బలం, నమ్మకం రెండూ కావాలి

దివ్య ఖుర్ఆన్ 'ఖసస్' సూరాలో హజ్రత్ మూసా (అ) మద్యన్ చేరుకున్న ఘట్టం ఉంది. బావి దగ్గర ఇద్దరు అమ్మాయిల గొర్రెలకు ఆయన నీళ్లు తోడి పెడతారు. వారిలో ఒకరు తండ్రితో, ఈయన్ని పనిలో పెట్టుకోండి, పనికి పెట్టుకోదగిన మనిషికి బలమూ నమ్మకమూ ఉండాలి అనే భావంతో సలహా చెబుతుంది. పండితులు ఇక్కడ బలం అంటే కండబలం ఒక్కటే కాదు, చేసే పనిలో సమర్థత అని కూడా వివరించారు.

మనం చాలాసార్లు ఈ రెండింటిలో ఒకదాన్నే చూస్తాం. "మన జమాతు మనిషే, మంచివాడు, మోసం చేయడు" అని, గోడలు తప్ప ఏనాడూ పిల్లర్ల ఇల్లు కట్టని వాడికి రెండంతస్తుల పని అప్పగిస్తాం. అతడు నిజంగానే మోసం చేయడు. అయినా స్లాబు కారుతుంది. లేదా "పని బాగా చేస్తాడు" అని పేరున్న వాడికి ఇస్తాం, అతడు పది బస్తాల సిమెంటు పోయవలసిన చోట ఏడు పోస్తాడు. ఒకరికి పని రాదు, మరొకరికి నిజాయితీ లేదు. ఇద్దరి చేతిలోనూ ఇల్లు ఒకే విధంగా పాడవుతుంది.

మదీనాలో మస్జిదె నబవీ కడుతున్న రోజుల్లో యమామా ప్రాంతం నుంచి తల్ఖ్ బిన్ అలీ (ర) వచ్చారు. మట్టి కలపడంలో ఆయన చేతివాటం చూసి దైవప్రవక్త (స) మట్టి పని ఆయనకే అప్పగించమన్నారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఆయన కొత్తగా వచ్చిన మనిషి. పాత సహాబాలు ఎందరో అక్కడే ఉన్నారు. అయినా పని తెలిసిన చేతికే పని దక్కింది. బంధుత్వం చూసో, పరిచయం చూసో పని అప్పగించే మనకు ఇందులో పాఠం లేదా?

ఇంకో మాట. మేస్త్రీ మనవాడా, వేరే మతం వాడా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఇస్తాంబుల్‌లో మేమార్ సినాన్ ఆధ్వర్యంలో 1550 నుంచి 1557 వరకు కట్టిన సులేమానియా మస్జిదు లెక్కల దఫ్తర్లు నేటికీ భద్రంగా ఉన్నాయి. ముస్లింలు, క్రైస్తవులు అందులో కలిసి పనిచేసినట్లు, ఎవరికి ఎంత కూలి ముట్టిందో వాటిలో రాసి ఉంది. సుల్తాను మస్జిదుకే కూలి లెక్క కాగితం మీద ఉన్నప్పుడు, మన మూడు గదుల ఇంటికి ఎందుకు ఉండకూడదు?

కట్టిన ఇళ్లే సాక్ష్యం

మేస్త్రీ మాట వినకముందు అతడు కట్టిన ఇళ్లు చూడాలి. కనీసం మూడు చూడండి. ఒకటి ఐదేళ్లు దాటినది, ఒకటి ఇప్పుడు పని నడుస్తున్నది, ఒకటి అతడి సొంత ఊరు కాకుండా వేరే ఊళ్లో కట్టినది. వీలైతే వానాకాలంలో చూడండి. ఎండాకాలంలో ప్రతి స్లాబూ మంచిదే!

వెళ్లినప్పుడు రంగులు, టైల్స్ చూసి మురిసిపోవద్దు. తల పైకెత్తి గది కప్పు మూలల్లో తేమ మరకలున్నాయేమో చూడండి. కిటికీలు, దర్వాజల పై మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు పోయాయేమో చూడండి. గిలాబు మీద వెంట్రుక లాంటి గీతలు ఎక్కడైనా ఉంటాయి. గోడను చీలుస్తూ పోయే పగులు వేరు. బాత్‌రూము అవతలి గోడ చెమ్మెక్కిందేమో తడిమి చూడండి. డాబా మీద వాన నీరు గొట్టం వైపు పారుతుందా, మధ్యలో నిలుస్తుందా అడగండి.

తరువాత ఆ ఇంటివారిని, ముఖ్యంగా ఆ ఇంటి ఆడవారిని, మూడు ప్రశ్నలు అడగండి. మొదట చెప్పిన మొత్తం ఎంత, చివరికి తేలింది ఎంత? పని మధ్యలో వదిలేసి ఎన్ని రోజులు కనబడకుండా పోయాడు? ఇంట్లోకి వెళ్లిన తర్వాత ఏదైనా లోపం చెబితే వచ్చి సరిచేశాడా? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అసలైన సర్టిఫికెట్టు. డబ్బంతా ముట్టిన తర్వాత కూడా పిలిస్తే వచ్చే మేస్త్రీ దొరికితే, చదరపు అడుగుకు పది రూపాయలు ఎక్కువైనా వదులుకోవద్దు.

సిమెంటు దుకాణంలోనూ, అతడి కింద పనిచేసే సుతారి వాళ్లనూ విచారించండి. దుకాణంలో బాకీలు పెరిగిన వాడు మీ డబ్బుతో పాత అప్పు తీరుస్తాడు. వారం కూలి సరిగా ఇవ్వని వాడి దగ్గర మంచి పనివాళ్లు నిలవరు. ఒకేసారి ఎన్ని ఇళ్లు పట్టాడో కూడా తెలుసుకోండి.

కూలీ మీదా, గుత్తకా?

మన దగ్గర రెండు పద్ధతులున్నాయి. సామాను మనం తెచ్చి, పని మాత్రం మేస్త్రీతో చేయించుకోవడం ఒకటి. దీన్నే లేబరు కాంట్రాక్టు అంటున్నారు. ఇటుక నుంచి రంగు దాకా అన్నీ అతడే తెచ్చి, చదరపు అడుగుకు ఇంత అని కట్టివ్వడం రెండోది. ఫిఖ్హ్‌లో కూడా ఈ రెండూ వేర్వేరు. మొదటిది ఉజ్రత్ ఒప్పందం. రెండోది ఇస్తిస్నా, అంటే చెప్పి చేయించుకునే వస్తువు ఒప్పందం. చెప్పుల జత నుంచి ఇంటి దాకా ఈ సూత్రం వర్తిస్తుంది.

ఇస్తిస్నాలో ముఖ్యమైన షరతు ఒకటుంది. చేయించుకునే వస్తువు ఏ రకం, ఏ కొలత, ఏ గుణం అన్నది ఇద్దరికీ స్పష్టంగా తెలిసి ఉండాలి. హనఫీ న్యాయసూత్రాల ఆధారంగా ఉస్మానియా రాజ్యంలో 1869, 1876 మధ్య వెలువడిన 'మజల్లా' ఈ విషయం చెబుతూనే, ఇస్తిస్నాలో సొమ్ము ముందే ఇవ్వనవసరం లేదని కూడా చెప్పింది. 1992లో జెద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఏడవ సమావేశం మరింత వివరంగా తీర్మానించింది. సొమ్ము విడతలుగా ఇవ్వవచ్చు. ఇద్దరూ ముందే ఒప్పుకుంటే, ఆలస్యానికి పరిహారం షరతు పెట్టుకోవచ్చు. చేతిలో లేని ఆపద వచ్చినప్పుడు మాత్రం ఆ షరతు వర్తించదు.

ఇప్పుడు మన ఒప్పందాలు ఎలా ఉంటున్నాయో చూడండి. "చదరపు అడుగుకు ఇంత, అన్నీ నావే, మీరు తాళం చెవి తీసుకోవడమే." ఈ 'అన్నీ' అన్న మాటలో ఏముంది? సెప్టిక్ ట్యాంకు ఉందా? మెట్లు, సజ్జలు, డాబా మీది పిట్టగోడ కొలతలోకి వస్తాయా? నీళ్ల ట్యాంకు, ప్రహరీ ఎవరివి? తలుపులు టేకువా, వేపవా? ఈ అస్పష్టతనే షరీఅత్ పరిభాషలో 'ఘరర్' అంటారు. తగవుకు విత్తనం ఇదే.

మా సలహా ఏమిటంటే, ఇంట్లో రోజూ పని దగ్గర నిలబడే మగవాడో ఆడమనిషో ఉండి, సామాను తెచ్చుకునే ఓపిక ఉంటే లేబరు కాంట్రాక్టు మేలు. సిమెంటుకు మనం దూరం పోనక్కరలేదు. మేళ్లచెర్వు, మఠంపల్లి, పాలకీడు మండలాల్లో ఫ్యాక్టరీలున్నాయి. ఇంటి యజమాని గల్ఫులో ఉండి, ఇక్కడ చూసుకునే వారు లేకపోతే గుత్తకు ఇవ్వక తప్పదు. అప్పుడు కాగితం మరింత అవసరం.

నమ్మకం ఉంటే కాగితం ఎందుకు?

ఈ ప్రశ్న ప్రతి ఇంట్లోనూ వస్తుంది. మేస్త్రీ తెలిసినవాడైతే మరీనూ. "ఏం భాయ్, నా మీద నమ్మకం లేదా?" అంటాడు. మనం సిగ్గుపడి ఊరుకుంటాం.

మాకు తెలిసిన ఒక సోదరి సంగతి చెబుతాం. భర్త గల్ఫులో ఉండేవాడు. బేస్‌మెంటు అయింది, గోడలు లేచాయి. "అక్కా, స్టీలు రేటు పెరుగుతోంది, ఇప్పుడే కొనిపెట్టాలి" అని మేస్త్రీ స్లాబు డబ్బు ముందే తీసుకున్నాడు. ఆ డబ్బు మరో ఇంటి పనిలో పడింది. రెండు వానాకాలాలు గోడలు అలాగే తడిశాయి, పిల్లర్ల నుంచి పైకి వచ్చిన సలాకలు తుప్పు పట్టాయి. పెద్దమనుషులు కూర్చున్న రోజున ఆమె ఒక మొత్తం చెప్పింది, అతడు ఒక మొత్తం చెప్పాడు. ఇద్దరూ ప్రమాణం చేస్తామన్నారు. అక్కడ కూర్చున్న వారెవరికీ ఏది నిజమో తేలలేదు. కాగితం లేదు, సాక్షి లేడు. అబద్ధం చెప్పాలనే ఉద్దేశం లేకపోయినా, రెండేళ్ల నాటి లెక్క మనిషికి సరిగా గుర్తుండదు కదా!

దివ్య ఖుర్ఆన్‌లోని అన్నింటికన్నా పెద్ద ఆయతు దేని గురించో మీకు తెలుసు. నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. 'బఖరా' సూరాలోని ఆ 282వ ఆయతు గడువు పెట్టిన బాకీల లావాదేవీని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోవద్దని బోధిస్తుంది. ఆ ఆజ్ఞ దొంగల కోసం దిగింది కాదు, విశ్వాసుల కోసం దిగింది. అంటే కాగితం రాసుకోవడం అనుమానానికి గుర్తు కాదు. ఇద్దరి స్నేహాన్నీ కాపాడే కంచె అది.

కనుక మేస్త్రీని పరీక్షించడానికి మేము ఒకే ఒక్క గీటురాయి చెబుతున్నాం. అన్నీ మాట్లాడుకున్న తర్వాత "అన్నా, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుందాం" అనండి. నిజాయితీపరుడైన మేస్త్రీకి ఆ కాగితం వల్ల లాభమే. మీరు మధ్యలో ప్లాను మార్చినా, డబ్బు ఎగ్గొట్టినా అతడికి అదే రక్ష. నొచ్చుకుని లేచిపోయేవాడు మీ బయానా పోకముందే తన సంగతి తానే చెప్పేశాడన్నమాట.

కాగితంలో ఏముండాలి?

స్టాంపు కాగితం మీద తేలిక తెలుగులో రాయండి. ఇద్దరి సంతకాలు, రెండు వైపుల సాక్షుల సంతకాలు, చెరొక ప్రతి ఉండాలి. అందులో ఈ విషయాలు తప్పకుండా రావాలి.

మొదటిది, కొలత. ఎన్ని చదరపు అడుగులు, దేన్ని కొలతలోకి తీసుకుంటారు, దేన్ని తీసుకోరు. ప్లాను నకలు కాగితానికి జతచేసి దాని మీదా సంతకాలు పెట్టాలి.

రెండవది, సామాను. సిమెంటు ఏ రకం, స్టీలు ఏ గ్రేడు, ఇటుక ఎర్రదా, బూడిద ఇటుకా, ఇసుక వాగుదా, రోబో శాండా, తలుపులు ఏ కర్రవి, టైల్స్ ధర ఎంతవరకు. పన్నెండో శతాబ్దంలో అందలూసియాలోని సెవిల్ నగరంలో ఇబ్న్ అబ్దూన్ అనే పండితుడు బజారు నియమాల గురించి ఒక గ్రంథం రాశారు. ఇటుకలు, పెంకులు ఏ కొలతలో ఉండాలో ఆ నమూనాలను గట్టి కర్రతో చేసి జామె మస్జిదు గోడకు వేలాడదీయాలన్నారు. ఎవరికి అనుమానం వచ్చినా వెళ్లి కొలిచి చూసుకోవచ్చు. మన కాగితం కూడా ఆ గోడకు వేలాడే నమూనా లాంటిదే.

మూడవది, గడువు. పని మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ. వానలకు, పండుగలకు ఎన్ని రోజులు మినహాయింపు.

నాలుగవది, మార్పులు. మధ్యలో గది పెంచినా, గోడ జరిపినా ఆ రోజే ధర మాట్లాడి కాగితం వెనుక రాసి సంతకాలు చేయాలి. ఎక్కువ తగవులు పుట్టేది ఇక్కడే.

ఐదవది, లోపాలు. స్లాబు కారితే, గోడ పగిలితే ఎంతకాలం వరకు మేస్త్రీ తన ఖర్చుతో సరిచేయాలి.

ఆరవది, పంచాయతీ అనుమతి ఎవరు తీసుకోవాలి, కరెంటు, నీళ్ల ఖర్చు ఎవరిది. పని చోట కూలీకి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది. పనివాళ్లకు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డులున్నాయా అని అడగడం కూడా మన ధర్మం.

డబ్బు పని వెనుక నడవాలి

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇంటికి 5 లక్షల రూపాయల సాయం ఒకేసారి ఇవ్వరు. బేస్‌మెంటు, గోడలు, స్లాబు, ఇల్లు పూర్తి, ఇలా నాలుగు దశలు పెట్టారు. దశ పూర్తయిందని చూసిన తర్వాతే ఆ విడత వస్తుంది. సొంత డబ్బుతో కట్టేవారు కూడా ఇదే పద్ధతి పాటించవచ్చు.

గుత్త పనికి మా సూచన ఇది. బయానా వందకు 10, బేస్‌మెంటు పూర్తయ్యాక 20, గోడలు లేచాక 20, స్లాబు పడ్డాక 25, గిలాబు, గచ్చు అయ్యాక 20. చివరి 5 మాత్రం ఒక వానాకాలం గడిచాక ఇస్తామని మొదటే రాసుకోండి. ముందే ఒప్పుకున్నది కనుక అది ఎగవేత కాదు. లేబరు కాంట్రాక్టులో మేస్త్రీ వారం వారం కూలీలకు ఇవ్వాలి కనుక వారానికి కొంత ఇస్తూ, దశ అయ్యాక లెక్క సరిచూసుకోవాలి. ఇచ్చిన ప్రతిసారీ తేదీ వేసి ఒక నోటు పుస్తకంలో సంతకం తీసుకోండి. ఫోనులో పంపిన డబ్బు కూడా అందులో ఎక్కాలి.

కంటికి కనిపించే నాలుగు పరీక్షలు

మంచి మేస్త్రీ దొరికినా మన కన్ను పని మీద ఉండాలి. ఇందుకు ఇంజనీరింగు చదవనక్కరలేదు.

స్టీలు తూకం చూడండి. 12 మీటర్ల సలాక 8 మిల్లీమీటర్లదైతే దాదాపు 4.7 కిలోలు, 10 మిల్లీమీటర్లది 7.4, 12 మిల్లీమీటర్లది 10.6, 16 మిల్లీమీటర్లది 19 కిలోలు తూగాలి. బాగా తక్కువ తూగితే ఆ సలాక సన్నదే.

ఇసుకను గాజు సీసాలో సగం పోసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు పోసి, బాగా ఊపి, మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక మీద ఒండు పొర తేలుతుంది. అది ఇసుక ఎత్తులో వందకు 8 వంతులు మించితే కడిగి వాడాలి, లేదా వాపసు పంపాలి. రెండు ఇటుకలు తట్టితే ఖంగుమనాలి. నాలుగడుగుల ఎత్తు నుంచి నేల మీద పడేస్తే పగలకూడదు.

స్లాబుకు సాధారణంగా చెప్పే ఎం-20 రకం కాంక్రీటులో ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు కంకర ఉంటాయి. ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది. ఈ లెక్కన 600 చదరపు అడుగుల స్లాబు 5 అంగుళాల మందంతో వేస్తే, దూలాలు కాకుండానే 56 బస్తాల దాకా పట్టాలి. పోసే రోజున బస్తాలు లెక్కపెట్టే పని ఇంట్లో పిల్లలకు అప్పగించండి, సంతోషంగా చేస్తారు. నీళ్లు బస్తాకు 30 లీటర్లు మించకూడదు. పని సులువవుతుందని నీళ్లు ఎక్కువ పోస్తే స్లాబు బలం పోతుంది.

చివరిది ఓపిక. భారత ప్రమాణాల సంస్థ 2000లో సవరించిన ఐ.ఎస్. 456 ప్రకారం సాధారణ సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటైతే, లేదా వేడి పొడి వాతావరణంలో, కనీసం 10 రోజులు తడిగా ఉంచాలి. మన సూర్యాపేట ఎండలకు ఇది మరీ ముఖ్యం. నాలుగున్నర మీటర్లలోపు స్లాబు కింద గుంజలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు తీయకూడదు. దూలాల కింద 14 రోజులు, ఆరు మీటర్లు దాటితే 21 రోజులు ఉంచాలి. "సెంట్రింగు సామాను వేరే ఇంటికి కావాలి" అని తొందరపెట్టేవాడి మాట వినవద్దు.

ఇంత పట్టింపు అవసరమా అంటారేమో. 2020 జనవరి 26 తెల్లవారుజామున పులిచింతల వైపు, మన జిల్లాలోని చింతలపాలెం ప్రాంతం కేంద్రంగా భూమి కంపించింది. తీవ్రత 4.5కు అటూ ఇటూగా నమోదైంది. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన కంపనం రెండు రాష్ట్రాల్లోనూ తెలిసింది. అల్లాహ్ దయవల్ల పెద్ద నష్టం జరగలేదు. కాని 2023 ఫిబ్రవరి 6న తుర్కియేలో వచ్చిన భూకంపాల్లో ఆ ఒక్క దేశంలోనే యాభై వేలమందికి పైగా చనిపోయారు. కూలిన వాటిలో కొత్త భవనాలూ ఉన్నాయి. చాలామంది కాంట్రాక్టర్లు అరెస్టయ్యారు. కంపనం రావడం మన చేతిలో లేదు, సిమెంటు సరిగా కలపడం మన చేతిలో ఉంది.

ఇంటి యజమాని కూడా జవాబుదారే

తప్పంతా మేస్త్రీలదేనని అనుకుంటే అన్యాయం. మేము కూర్చున్న పంచాయితీల్లో యజమాని వైపు తప్పున్నవీ తక్కువ కాదు. అందరికన్నా తక్కువ ధర చెప్పినవాడికి పని ఇచ్చి, ఆపై ఆ ధరలోనే గొప్ప ఇల్లు కావాలంటారు. వారానికొకసారి కిటికీ స్థానం మారుస్తారు. పని అంతా అయ్యాక ఏదో వంక పెట్టి చివరి విడత ఎగ్గొడతారు. కూలివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న దైవప్రవక్త (స) బోధను మనం ఎన్ని జుమా ప్రసంగాల్లో వినలేదు? ఆ మేస్త్రీ వెనుక పదిమంది కూలీల ఇళ్లున్నాయి. వారి హక్కు అట్టిపెట్టుకుని కట్టిన ఇంట్లో ఖుర్ఆన్ ఖానీ పెట్టించినంత మాత్రాన బర్కత్ వస్తుందా?

తగవు వస్తే

మొదట పెద్దమనుషుల్లో కూర్చోండి, కాగితం ముందు పెట్టండి. చాలావరకు అక్కడే తెగుతుంది. తెగకపోతే చట్టం ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేటు చట్టం కట్టడంలో లోపాలకు ఐదేళ్ల బాధ్యత పెట్టింది. కాని అది 500 చదరపు మీటర్లు గాని, ఎనిమిది ఫ్లాట్లు గాని దాటిన, అమ్మకానికి కట్టే ప్రాజెక్టులకు. మన సొంత స్థలంలో మేస్త్రీ కట్టే ఇంటికి అది రాదు.

మనకు పనికివచ్చేది వినియోగదారుల చట్టం. ఇల్లు కట్టివ్వడం కూడా 'సేవ' కిందకే వస్తుందని 1993లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడున్న 2019 చట్టంలోనూ అది ఉంది. ఇచ్చిన సొమ్ము 50 లక్షల రూపాయల లోపైతే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. 5 లక్షల లోపైతే ఫీజు లేదు. తగవు కారణం పుట్టిన రెండేళ్లలోగా వెళ్లాలి. అక్కడ కూడా మొదట అడిగేది ఒప్పందం ఏది, రసీదులు ఏవి అనే.

సోదర సోదరీమణులారా! పునాది తవ్వే రోజున దుఆ చేయించి, మిఠాయి పంచుతాం. మంచిదే. ఆ రోజుకు వారం ముందే మరో పని చేయండి. ఇంట్లో అందరూ, ముఖ్యంగా వంటగది ఎక్కడ ఉండాలో తెలిసిన ఆడవారు కూర్చుని, మేస్త్రీని పిలిచి, టీ ఇచ్చి, మాట్లాడుకున్నవన్నీ రాసుకోండి. రాసింది అతడికి చదివి వినిపించండి. అతడు కూడా తన అభ్యంతరాలు చెప్పుకోనివ్వండి. ఆ తర్వాత సంతకాలు చేసి, చేతులు కలిపి లేవండి. ఇల్లు పూర్తయి మీరు అందులోకి వెళ్లిన రోజున మేస్త్రీ కూడా అతిథిగా వచ్చి, మీ దస్తర్‌ఖాన్ మీద కూర్చుని తినగలిగితే, ఆ ఇల్లు సక్రమంగా కట్టినట్లే. అలాంటి ఇళ్లు మన ఊళ్లలో పెరిగేలా అల్లాహ్ తౌఫీఖ్ ప్రసాదించుగాక!